మత్తు సూదికి రాజ్యాంగం గీసిన గీత

దర్యాప్తు అధికారి ఒక మనిషికి ఇష్టం లేకుండా మత్తుమందు ఎక్కించి, ఆ మగతలో అతని చేత మాట్లాడించవచ్చా? కూడదని సుప్రీంకోర్టు 2010 మే 5న తేల్చి చెప్పింది. సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం అనే ఆ కేసులో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్, జస్టిస్ జె.ఎం. పాంచాల్ ఒక్క మాటగా తీర్పు ఇచ్చారు. మత్తు సూదితో చేసే నార్కో అనాలిసిస్, లై డిటెక్టర్, మెదడు తరంగాలను కొలిచే బ్రెయిన్ మ్యాపింగ్, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మనిషి ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదు. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ ఠాణాకైనా, కడప జిల్లా పులివెందుల ఠాణాకైనా చట్టం ఇదే.

తీర్పు వచ్చి పదిహేనేళ్లు దాటింది. అయినా ఎక్కడ సంచలన హత్య జరిగినా "నార్కో చేయిస్తే నిజం అదే బయటికొస్తుంది" అనే మాట వెంటనే పుడుతుంది. నాయకులు ఒకరినొకరు నార్కోకి సిద్ధమా అని సవాలు చేసుకుంటారు. ఒప్పుకోనివాడిని జనం దోషిగా లెక్కకడతారు. రాజ్యాంగం ఇచ్చిన రక్షణను వాడుకోవడమే నేరంలా కనబడే ఈ ధోరణి ప్రమాదకరమైనది. అందుకే ఈ గీత ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం.

జార్ఖండ్‌లో ఈ పరీక్షలు అందరి నోళ్లలో పడింది ధన్‌బాద్ కేసుతో. 2021 జూలై 28న తెల్లవారుజామున నడకకు వెళ్లిన అదనపు జిల్లా జడ్జి ఉత్తమ్ ఆనంద్‌ను రోడ్డు పక్కన ఒక ఆటో గుద్ది చంపింది. ఖాళీ రోడ్డు మీద ఆటో దారి మళ్లి ఆయన వైపు రావడం సీసీ కెమెరాలో స్పష్టంగా పడింది. సుప్రీంకోర్టు తనంత తానుగా పట్టించుకుంది, జార్ఖండ్ హైకోర్టు దర్యాప్తును వారం వారం గమనించింది, కేసు సీబీఐకి వెళ్లింది. ఆటోలో ఉన్న ఇద్దరినీ గాంధీనగర్ ప్రయోగశాలకు తీసుకెళ్లి నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయించారు. ఇన్ని చేసినా, ఎందుకు చంపారన్న ప్రశ్నకు హైకోర్టును తృప్తిపరిచే జవాబు రాలేదు. ఫోన్ కొట్టేయడానికే గుద్దారని సీబీఐ చెబితే ధర్మాసనం నమ్మలేదు. సరిగ్గా ఏడాదికి, 2022 జూలై 28న, ప్రత్యేక కోర్టు ఆ ఇద్దరినీ హత్యానేరం కింద దోషులుగా తేల్చింది. తర్వాత యావజ్జీవ శిక్ష పడింది. ఒక జడ్జి హత్యలోనే మత్తు సూది ఇంత తక్కువ పలికించినప్పుడు, మామూలు కేసుల్లో దాని మీద పెట్టుకునే ఆశలు ఎంతవరకు నిలుస్తాయో ఆలోచించాలి.

ఇంతకీ ఆ సూదిలో ఉండేది ఏమిటి? ఎక్కువగా వాడేది సోడియం పెంటథాల్. ఆపరేషన్ థియేటర్‌లో రోగిని నిద్రపుచ్చడానికి మత్తు డాక్టర్లు దశాబ్దాలుగా వాడిన మందు అది. నార్కోలో దాన్ని ఒక్కసారిగా ఇవ్వరు. సెలైన్‌తో పాటు కొద్దికొద్దిగా నరంలోకి ఎక్కిస్తూ, మనిషిని పూర్తిగా నిద్రపోనివ్వకుండా, పూర్తిగా మెలకువలోనూ ఉంచకుండా ఆ మధ్య స్థితిలో నిలబెడతారు. వయసు, బరువు, ఆరోగ్యాన్ని బట్టి మోతాదు మారుతుంది. కాస్త ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. మందు చేసే పని సంకోచాన్ని తగ్గించడం. అబద్ధాన్ని అడ్డుకునే గుణం దానికి లేదు. మగతలో ఉన్న మనిషి జరిగినదీ చెప్పవచ్చు, ఊహించుకున్నదీ చెప్పవచ్చు. ప్రశ్న అడిగేవాడు లోపల దాచి ఉంచిన జవాబును పసిగట్టి అదే తిరిగి అప్పజెప్పవచ్చు కూడా. గట్టి మనసున్నవాడు అబద్ధాన్ని చివరిదాకా నిలబెట్టుకోగలడు.

సత్యం చెప్పించే మందు అనే ఆలోచన పుట్టింది ప్రసూతి గదిలో. 1916లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో రాబర్ట్ హౌస్ అనే డాక్టరు ఒక ఇంట్లో కాన్పు చేస్తున్నాడు. నొప్పి తెలియకుండా ఆ తల్లికి స్కోపొలమైన్ ఇచ్చారు. బిడ్డను తూచడానికి త్రాసు ఎక్కడుందని భర్త వెతుకుతుంటే, ఒళ్లు తెలియకుండా పడి ఉన్న భార్య అది వంటగదిలో ఫలానా చోట ఉందని సరిగ్గా చెప్పిందట. దీంతో ఈ మందు మనసులోని మాటను లాగుతుందని హౌస్ నమ్మాడు. 1922లో డల్లాస్ జైలు ఖైదీల మీద ప్రయోగించాడు. పత్రికలు దానికి ట్రూత్ సీరం అని పేరు పెట్టాయి. త్రాసు ఎక్కడుందో దాచుకోవలసిన కారణం ఆ తల్లికేమీ లేదన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ తట్టలేదు.

అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఈ మందు వ్యవహారం 1963లో వచ్చింది. షికాగో పోలీసుల చేతిలో ఉన్న 19 ఏళ్ల యువకుడు హెరాయిన్‌కు అలవాటుపడి, మందు దొరకక విలవిల్లాడుతుంటే పోలీసు డాక్టరు ఒక ఇంజెక్షన్ చేశాడు. అందులో హయోసిన్ ఉంది. స్కోపొలమైన్‌కే అది మరో పేరు. కాసేపటికి అతను నేరం ఒప్పుకున్నాడు. టౌన్సెండ్ వర్సెస్ సెయిన్ అనే ఆ కేసులో కోర్టు ఒక గట్టి మాట చెప్పింది. మందు ప్రభావంతో వచ్చిన ఒప్పుకోలు స్వేచ్ఛగా వచ్చింది కానట్టయితే, ఆ మందు గుణం పోలీసులకు తెలియకపోయినా సరే, అది సాక్ష్యంగా పనికిరాదు. పోలీసు ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది పక్కనపెట్టి, నోరు విప్పిన మనిషి మనసు ఆ క్షణాన అతని అధీనంలో ఉందా అన్నదే చూడాలన్నది ఆ తీర్పు సారం.

మన రాజ్యాంగంలో ఇందుకు ఆధారం 20(3) అధికరణం. నేరారోపణ ఉన్న ఏ వ్యక్తినీ తనకు తానే వ్యతిరేక సాక్షిగా మారమని బలవంతపెట్టరాదని అది చెబుతుంది. దానికి తోడు జీవించే హక్కునూ వ్యక్తి స్వేచ్ఛనూ కాపాడే 21వ అధికరణం. 1978లో వచ్చిన 44వ సవరణ తర్వాత ఎమర్జెన్సీ ప్రకటించినా సరే ఈ రెండు హక్కుల కోసం కోర్టుకెళ్లే దారిని మూసేయడానికి వీల్లేదు. రాజ్యాంగం వీటిని ఎంత పైన పెట్టిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సాక్షిగా మారడం అంటే ఏమిటన్న దగ్గరే అసలు చిక్కు వచ్చింది. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది జడ్జీల ధర్మాసనం ఆ మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది. అయితే అంత విశాలమైతే వేలిముద్ర తీసుకోవడం కూడా కుదరదన్న సందేహం వచ్చింది. దాన్ని తీర్చడానికి 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది జడ్జీలు కూర్చున్నారు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా రాసిన తీర్పు ఒక తేడా చూపించింది. వేలిముద్ర, చేతిరాత, కాలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదు. అవి ఎవరు ఏమనుకున్నా మారవు, పోల్చి చూసుకోవడానికి మాత్రమే ఉపయోగపడతాయి. తనకు మాత్రమే తెలిసిన విషయాన్ని నోటితోనో రాతతోనో వెల్లడించడమే సాక్ష్యం చెప్పడం. ఆ వెల్లడింపును బలవంతంగా రాబట్టకూడదు.

ఈ రక్షణ కోర్టు బోనులో నిలబడ్డాకే మొదలవుతుందా, ఠాణా గుమ్మం దగ్గరే మొదలవుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఒరిస్సా నుంచి వచ్చింది. మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథిని కటక్‌లో విజిలెన్స్ పోలీసులు పెద్ద ప్రశ్నావళి పెట్టి విచారించబోతే ఆమె జవాబు చెప్పనన్నారు. 1978లో ఆమె కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 20(3) రక్షణను పోలీసు విచారణ దశకే తీసుకొచ్చారు. కొట్టడం ఒక్కటే బలవంతం కాదని, మానసికంగా నలిపేయడం, అలుపెరగకుండా ప్రశ్నించడం, చుట్టూ భయం కమ్మేలా చేయడం కూడా బలవంతమేనని వివరించారు. మత్తు సూది మీద ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన తీర్పుకు పునాది రాయి ఇక్కడే పడింది.

ఇంత స్పష్టత ఉన్నా, 2000 తర్వాత పదేళ్లు దేశం నార్కో మోజులో మునిగింది. బెంగళూరు, గాంధీనగర్ ప్రయోగశాలలకు రాష్ట్రాల పోలీసులు నిందితులను వరసగా తీసుకెళ్లారు. తెల్గీ స్టాంపు పేపర్ల కుంభకోణంలో 2004లో బొంబాయి హైకోర్టు ఈ పరీక్షలు తప్పు కాదంది. మరికొన్ని హైకోర్టులూ అదే దారి పట్టాయి. ఆ కుంభకోణంలో ప్రధాన నిందితుడైన తెల్గీ మత్తులో పలికిన మాటల వీడియో టీవీల్లో ప్రసారమైంది. సాక్ష్యంగా చెల్లని మాటలు ఇళ్లలోని తెరల మీద తీర్పుగా చెలామణి అయ్యాయి. 2008లో నోయిడాలో ఆరుషి అనే బాలిక హత్య కేసులో ఆమె తండ్రి క్లినిక్‌లోని కాంపౌండర్‌తో మొదలుపెట్టి అనేకమందికి పరీక్షలు చేశారు. అనుమానం ఒక వైపు నుంచి మరో వైపు తిరుగుతూ పోయింది. చివరికి కింది కోర్టు శిక్ష వేసిన తల్లిదండ్రులను 2017లో అలహాబాద్ హైకోర్టు విడుదల చేసింది. నిజం మాత్రం తేలలేదు.

హైదరాబాద్‌కు ఇది మరింత చేదు జ్ఞాపకం. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ నుంచి అనేకమంది ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వారిలో కొందరిని బెంగళూరుకు తీసుకెళ్లి నార్కో చేయించారు. చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదుల మీద రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాది చేత విచారణ జరిపించింది. ఆ యువకుల మీద కేసులు నిలబడలేదు. దర్యాప్తు పూర్తిగా వేరే దిశకు మళ్లింది. ఆ యువకులకు ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. దాన్ని తర్వాత హైకోర్టు కొట్టివేసింది. ప్రాయంలో ఉన్నవారికి నరంలోకి సూది గుచ్చి, వారి చేత చేయని నేరం చెప్పించబోయిన ఆ రోజులను డబ్బు తుడిచేది కాదు.

సెల్వి తీర్పు ఈ నేపథ్యంలో వచ్చింది. బెంగళూరులో కులాంతర పెళ్లి చేసుకున్న ఒక యువకుడి హత్య కేసుతో మొదలై, వివిధ రాష్ట్రాల నుంచి వచ్చిన అప్పీళ్లన్నీ ఒకచోట చేరాయి. ప్రభుత్వాల వాదన బలహీనమైనదేమీ కాదు. ఉగ్రవాదం, వ్యవస్థీకృత నేరాల కాలంలో థర్డ్ డిగ్రీ కంటే ఇది నయం కదా అన్నారు. 2005లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 53వ సెక్షన్‌కు చేర్చిన వివరణలో రక్తం, వీర్యం, డీఎన్ఏలతో పాటు అలాంటి ఇతర పరీక్షలు అనే మాటలున్నాయి, నార్కో అందులోకే వస్తుందన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. రక్తం, వీర్యం వంటి భౌతిక పదార్థాల జాబితా పక్కన ఉన్న ఇతర పరీక్షలు కూడా ఆ కోవకు చెందినవే కావాలంది. రక్తపు చుక్క ఏమీ చెప్పదు, దాన్ని పరీక్షిస్తారంతే. మగతలో మనిషి చెప్పేది అతని మనసులోది. అందుకే ఆ రెంటినీ చట్టం ఒకే తక్కెడలో వేయదు.

అంతటితో ఆగకుండా, ప్రజాప్రయోజనం ఎంత పెద్దదైనా ఈ హక్కును పక్కకు నెట్టలేమని కోర్టు చెప్పింది. మందుతో మాట్లాడించడం క్రూరమైన, అమానుషమైన, అవమానకరమైన ప్రవర్తన కిందకు రాగలదని, మనిషి మానసిక ఏకాంతంలోకి చొరబడటమేనని తేల్చింది. రక్షణ నిందితులకే పరిమితం కాలేదు. అనుమానితులకూ, నిజం చెబితే తమ మీదకే వస్తుందని భయపడే సాక్షులకూ వర్తించింది. మనిషి తానుగా ఒప్పుకుని పరీక్ష చేయించుకున్నా, ఆ మగతలో పలికిన మాటలు సాక్ష్యం కావు. ఎందుకంటే ఆ క్షణంలో మాట మీద అతనికి అదుపు లేదు. అయితే అలా ఒప్పుకుని చెప్పిన సమాచారంతో పోలీసులు వెళ్లి ఆయుధమో మరో వస్తువో కనుగొంటే, ఆ దొరికినది పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ కింద కోర్టు ముందుకు రావచ్చు. ఆ నిబంధనే ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్‌లో ఉంది.

ఒప్పుకోవడం అంటే కాగితం మీద సంతకం పెట్టించుకోవడం కాదని కూడా కోర్టు స్పష్టం చేసింది. లై డిటెక్టర్ విషయంలో జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో ఇచ్చిన మార్గదర్శకాలను నార్కోకీ బ్రెయిన్ మ్యాపింగ్‌కూ వర్తింపజేసింది. నిందితుడికి లాయరు అందుబాటులో ఉండాలి. పరీక్ష వల్ల శరీరానికీ మనసుకూ చట్టపరంగానూ ఏం జరుగుతుందో పోలీసులూ లాయరూ వివరించాలి. సమ్మతిని జుడీషియల్ మేజిస్ట్రేటు నమోదు చేయాలి. ఎన్నాళ్లుగా కస్టడీలో ఉన్నాడు, ఎలా విచారించారు అన్నవి మేజిస్ట్రేటు చూడాలి. పరీక్షను ఆసుపత్రి వంటి స్వతంత్ర సంస్థ లాయరు సమక్షంలో నమోదు చేయాలి.

ఈ నియమాలు కాగితం మీదే ఉండిపోలేదని ఇటీవలి కేసులు చూపిస్తాయి. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలో తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆ కేసు దర్యాప్తు చేసిన సీబీఐ 2021లో ఒక నిందితుడికి నార్కో చేయాలని జమ్మలమడుగు కోర్టును కోరింది. నిందితుడు ఒప్పుకోలేదు, కోర్టు పిటిషన్ కొట్టివేసింది. కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రి డాక్టరు హత్య మీద 2024లో దేశమంతా రగిలిపోయిన సమయంలోనూ, నిందితుడు వద్దన్నందుకు సియాల్దా కోర్టు నార్కోకు అనుమతి ఇవ్వలేదు. లక్షలమంది వీధుల్లో ఉండగా ఒక కింది కోర్టు ఈ మాట అనగలగడం మెచ్చుకోదగ్గ విషయం.

పై కోర్టులే ఒక్కోసారి గీత దాటాయి. పట్నా హైకోర్టు ఒక కేసులో నిందితులందరికీ నార్కో చేయిస్తామన్న పోలీసు అధికారి మాటను ఆమోదించింది. సుప్రీంకోర్టు 2025 జూన్ 9న అమ్లేష్ కుమార్ వర్సెస్ బిహార్ రాష్ట్రం కేసులో జస్టిస్ సంజయ్ కరోల్, జస్టిస్ పి.బి. వరాలే ద్వారా ఆ ఉత్తర్వును రద్దు చేసింది. నిందితుడే ముందుకొచ్చి నార్కో కోరితే దానికి తగిన దశలో కోర్టు అనుమతించవచ్చు గానీ, అది అడిగిన వెంటనే దక్కి తీరే హక్కు కాదంది. సమ్మతితో చేసినా, ఆ నివేదిక ఒక్కటే ఆధారంగా శిక్ష వేయకూడదని మరోసారి చెప్పింది.

మాట కోసం మందు ఎక్కించడం ఒకటైతే, వస్తువు కోసం మందు ఎక్కించడం మరొకటి. 1949లో లాస్ ఏంజెల్స్‌లో పోలీసులు తలుపు పగలగొట్టి లోపలికి రాగానే ఒక మనిషి రెండు మాత్రలు మింగేశాడు. ఆసుపత్రిలో గొట్టం ద్వారా వాంతి మందు పోసి వాటిని కక్కించారు, మార్ఫిన్ దొరికింది. 1952లో రోచిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అలాంటి పద్ధతి మనస్సాక్షిని కదిలించివేస్తుందన్నారు జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్. 2006లో జల్లో వర్సెస్ జర్మనీ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా ముక్కులోంచి వాంతి మందు పోసి కొకైన్ పొట్లం కక్కించడం అమానుషమంది. మన దగ్గర పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 51వ సెక్షన్ కింద రక్తం వంటివి తీసుకోవడానికి అవసరమైనంత మేరకు బలం వాడవచ్చు. ఆ అవసరమైనంత అన్న మాట ఎక్కడ ఆగుతుందో తేల్చేది 21వ అధికరణమే.

బిష్టుపూర్‌కు ఇది దూరపు సంగతి కాదు. టాటా ఉక్కు కర్మాగారం మొదలైన నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఆంధ్రభక్త శ్రీరామ మందిరం బిష్టుపూర్‌లో వారి ఉనికికి ఆనవాలు. ఇక్కడ ఠాణాలోనూ కోర్టులోనూ నడిచే భాష హిందీ. కొత్తగా వచ్చిన కూలీకో, ఊరి నుంచి బంధువుల ఇంటికి వచ్చిన కుర్రాడికో హిందీ అరకొరగా వస్తుంది. అలాంటి మనిషి ముందు హిందీలో రాసిన సమ్మతి పత్రం పెట్టి సంతకం చేయించుకుంటే, దాన్ని సమ్మతి అనలేం. అతనికి అర్థమయ్యే భాషలో వివరించినప్పుడే సెల్వి తీర్పు కోరిన వివరణ పూర్తవుతుంది. మేజిస్ట్రేటు ముందు ఈ మాట గట్టిగా అడిగే బాధ్యత లాయరుది.

లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేకపోవడం అడ్డంకి కాకూడదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతాడు. జంషెడ్‌పూర్‌లో ఆ పని చూసేది తూర్పు సింగ్‌భూమ్ జిల్లా న్యాయ సేవల అధికార సంస్థ. జాతీయ స్థాయిలో ఉచిత ఫోన్ నంబరు 15100. నార్కోకు ఒప్పుకోనని చెప్పడం నేరం కాదు, దాన్ని దోషానికి రుజువుగా వాడుకోవడానికి వీల్లేదు. మీకు తెలిసినవాళ్లలో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే, ముందు ఈ రెండు సంగతులూ అతనికి తెలిసేలా చూడండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి.